నాన్న వేసిన పెట్రోల్ లైను

జూన్ 4, ఆదివారం

నాన్న పోయాక షెడ్డులో కవరు కప్పుకుని పడుకున్న కారుని ఇవాళ స్టాండ్ల మీదకి ఎత్తాం. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, నాకన్నా వయసులో పెద్దది. మావయ్య కిందకి దూరి టార్చి వేసి చూసి, ఈ పెట్రోల్ లైను వేసిన మహానుభావుడికి దండేసి దండం పెట్టాలన్నాడు. వేసింది తన బావేనని ఆయనకి బాగా తెలుసు. మావయ్య జీవితమంతా మెకానిక్కుగా బతికిన మనిషి. బావని ఆడిపోసుకునే ఛాన్సు దొరికితే అన్నం కూడా మానేస్తాడు.

నాకు ఒళ్లు మండింది. నేనూ దూరి చూశాను. మావయ్య అన్నదే నిజం. వెనక ట్యాంకు నుంచి ముందు ఇంజనుకి వెళ్లే పైపుకి కంపెనీవాళ్లు ఎడమవైపు దారి పెట్టారు. క్లిప్పుల కన్నాలు ఇంకా అలాగే ఉన్నాయి. నాన్న ఆ పైపు పీకేసి, కుడివైపు సైలెన్సర్ గొట్టాన్ని ఆనుకుని రాగి పైపు వేశాడు. కాలే గొట్టం పక్కన పెట్రోలు. ఏం మనిషివి నాన్నా.

జూన్ 5

తయారయ్యాక ముందు నువ్వే ఎక్కాలని అమ్మతో అన్నాను. ఎక్కనంది. దుప్పట్లు మడత పెట్టడం కూడా ఆపలేదు. ఎందుకమ్మా అంటే, ఎక్కనంటే ఎక్కనే, ఇంకా ఎందుకేమిటి అంది.

అమ్మ ఎక్కకపోతే ఈ పనంతా ఎవరి కోసం?

జూన్ 11, ఆదివారం

ఎండాకాలం ఏ ఊరు బయల్దేరినా ఈ కారు దారిలో ఆగేది. ఇంజను దగ్గరికి చేరేలోపే సైలెన్సర్ వేడికి పైపులో పెట్రోలు ఆవిరైపోయేది, పంపు ఉత్తగాలి లాగేది. కారణం అప్పుడు నాకేం తెలుసు. కారన్నాక ఆగుతుంది అనుకునేదాన్ని.

సీట్ల వెనక సామాను అరలో ముడుచుకుని కూర్చునేదాన్ని. ఆగగానే నాన్న బానెట్ ఎత్తి పంపు మీద తడిగుడ్డ వేసేవాడు. ఇక చల్లబడాలి. అమ్మ రోడ్డు పక్క గట్టు మీద కూర్చుని నన్ను ముందు కూర్చోబెట్టుకుని జడ విప్పి మళ్లీ అల్లేది. నాన్న చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన చతికిలబడేవాడు. ఇంట్లో వాళ్లిద్దరూ అంతసేపు మాట్లాడుకోగా నేనెప్పుడూ చూడలేదు. ఆఫీసులో ఎవరో చేసిన వెధవపని నాన్న అభినయించి చూపిస్తుంటే అమ్మ కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వేది, అల్లుతున్న జడ వదిలేసేది. పక్కనుంచి పోయే లారీవాళ్లు సాయం కావాలా అని అరిచేవాళ్లు. అక్కర్లేదని నాన్న చెయ్యి ఊపేవాడు.

దారిలో అలా ఆగడం నాకిప్పుడు ఎంత కావాలనిపిస్తోందో చెప్పలేను. లైను సరిగ్గా వేస్తే ఇక కారు ఆగదు.

జూన్ 14

పైపు కొసలకి తొడిగే రబ్బరు హోస్ కోసం షాపుల చుట్టూ తిరిగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అన్నీ నల్లగానే ఉంటాయి, ఏది ఏ రకమో తెలీదు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తుంది కాబట్టి పాత రకం రబ్బరు లోపల్నుంచి మెత్తబడి పగులుతుంది. షాపతను ఏదైతే ఏమిటి మేడం అన్నాడు. కారు తగలబడ్డాక మీరొచ్చి ఆర్పుతారా అని అడిగాను.

జూన్ 18, ఆదివారం

భోజనాల దగ్గర మావయ్య, లైను మళ్లీ ఎడమవైపుకే తెస్తున్నామని గొప్పగా చెప్పాడు. అమ్మ ముద్ద ఆపి, నా సీటు కిందనుంచా అంది.

తర్వాత తనే చెప్పింది. నేను కడుపులో ఉన్నప్పుడు వేవిళ్లు. సీటు కింద జాయింట్ల నుంచి పెట్రోలు వాసన వచ్చేది. కారెక్కితే చాలు, కడుపులో దేవేసేది. నాన్న హోసులు మార్చాడు, క్లిప్పులు బిగించాడు, వాసన పోలేదు. కారు అమ్మేస్తానన్నాడట. వద్దని అమ్మ ఏడ్చిందట. ఆ వారమే పైపుని తన సీటు కిందకి మార్చుకున్నాడు. అటు గొట్టం వేడి ఉంటుందని తెలిసే మార్చాడట.

నాతో ఒక్క ముక్క చెప్పొచ్చు కదా బావ అన్నాడు మావయ్య. చెబితే నువ్వు నవ్వేవాడివి అంది అమ్మ.

అదే రాత్రి

అమ్మ ఎక్కనంది వాసనకే. అంతేనన్నమాట. నేనింకేదో అనుకుని బెంగపడ్డాను.

జూన్ 24

ఎడమవైపే. కానీ అమ్మ సీటు కింద ఒక్క జాయింటు కూడా లేకుండా, ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే లోహపు పైపు. రబ్బరు రెండు కొసల్లోనే, అదీ వాసన బయటకి వదలని రకం. రేకులోంచి దూరే చోట రబ్బరు వాషర్లు. మొదటి వంపు తప్పు తిప్పి పైపు నొక్కుకుపోయింది, ఆ ముక్క దండగ. మావయ్య తిట్టలేదు. ఈమధ్య అసలు తిట్టడం లేదు.

నాన్న పైపు ఊడదీసేటప్పుడు కొయ్యబోయాను. మావయ్య నా చేతిలోంచి రంపం లాక్కుని, క్లిప్పులు ఒక్కొక్కటే విప్పి, వంపులు చెదరకుండా బయటికి తెచ్చాడు. ఏదో సీసాకి చుట్టి వంచినట్టున్నాడు నాన్న. ఏ రెండు వంపులూ ఒకలా లేవు.

జూన్ 25, ఆదివారం

స్టార్టయింది. చుక్క కూడా కారలేదు.

అమ్మని పిలిచాను. ఎడమ తలుపు తీసి, వంగి, సీటు దగ్గర ముక్కు పెట్టి చూసింది. వాసన లేదంది. బాగా చేశావంది. తలుపు మెల్లగా వేసి ఇంట్లోకి వెళ్లిపోయింది.

వాసన కాదు.

జూన్ 29

మావయ్య అడిగి చూశాడు. ఎక్కదు.

జూలై 2

అమ్మ ఎక్కింది. పొద్దున్నే నా చేతిలోంచి తాళం తీసుకుని, కుడివైపు తలుపు తెరుచుకుని, స్టీరింగు ముందు కూర్చుంది. పెళ్లయిన కొత్తలో నాన్న కారు నడపడం నేర్పాడట. ఆయన సీట్లో ఇంకెవరైనా ఉంటే పక్కనుంచి చూడలేనంది. తనే కూర్చుంటే చూడక్కర్లేదంది.

నేను ఎడమవైపు ఎక్కాను.