రత్నమాల ఒప్పుకోలు

సోమవారం, కోవిల్‌పట్టి

పొద్దున వార్త కోసం విరుదునగర్ వెళ్ళివచ్చాను. మిల్లు యజమానురాలు రత్నమాల బంగళా, కార్‌షెడ్. నేలంతా రక్తం. పక్కన జాకీ రాడ్. డ్రైవర్ మురుగేశన్‌కు పుర్రె పగిలింది, దవడ విరిగింది. పెద్దాసుపత్రిలో ఉన్నాడు. స్పృహ లేదు.

టీకొట్టులో అప్పుడే తీర్పు. 'ఉంచుకున్నవాణ్ణే కొట్టింది.' 'మొగుడికి విషం పెట్టిన చెయ్యి కదప్పా!'

మొగుడిది గుండెపోటు. అప్పట్లో పోస్టుమార్టం రిపోర్టు చూసే పేపర్లో రాశాను. ఎవరికీ గుర్తు లేదు. ఆమె క్లబ్బులో పేకాడుతున్న ఫొటో మాత్రం అందరికీ గుర్తే. అదీ మా పేపర్లోదే.

మంగళవారం

బంగళా హాలు. ఇన్‌స్పెక్టర్, ఆమె, మరిది శ్రీధర్, నేను. మాటలన్నీ తమిళంలో. కాఫీ వచ్చింది. మరిది ఆమెకు కప్పు అందిస్తూ, నవ్వుతూ, ఇంటి తెలుగులో—

"నేనే కొడితినని చెప్పెయ్ వదినా. లేకుంటే ఆస్పత్రిలో ఉండేవాని గొంతు కోయిస్తా."

బయటివాళ్ళ ముందు రహస్యం చెప్పాలంటే ఇంటి భాష... తమిళనాట మా తెలుగు ఇళ్ళలో అందరికీ ఉన్న అలవాటే. నాదీ ఆ భాషేనని శ్రీధర్‌కు తెలియదు.

ఆమె కప్పు కింద పెట్టింది. ఇన్‌స్పెక్టర్‌తో తమిళంలో— "రాసుకోండి. నేనే కొట్టాను."

నా కాఫీ తొణికింది. ఆమె చూసింది.

బుధవారం

ఎడిటర్ హెడ్డింగుకు 'ఆడపులి' అన్నాడు. 'అరెస్టు' చాలన్నాను. ఆడపులే అచ్చయింది.

గురువారం, విరుదునగర్

కోర్టు బయట జనం. ఎవడో రాయి విసిరాడు. ఆమె నుదురు చిట్లింది. ఫొటోగ్రాఫర్లు— 'ఇటు మేడమ్, ఇటు!' వ్యాన్ ఎక్కుతూ నా పక్కన ఆగింది.

"అన్నా, మీరు మనోళ్ళేనా? ఆ పొద్దు మా మరిది మాట ఇంటిరి గదా?"

తలూపాను.

"మిల్లు రాసియ్యనంటినని శ్రీధరు నన్ను కొట్టను వచ్చె. మురుగేశు అడ్డం పడె. వాడు లేచేదాకా రాయొద్దు, అన్నా. నాకేమి... ఇంకో చెడ్డపేరు, అంతేగదా!"

కానిస్టేబుల్ లోపలికి తోశాడు.

శుక్రవారం

రాయలేదు. ఆసుపత్రికి వెళ్ళాను. మురుగేశన్ వార్డు బయట బెంచీ మీద శ్రీధర్ మనుషులు ఇద్దరు. పళ్ళు తెచ్చారట. నర్సుకు నా నంబరిచ్చి వచ్చాను.

శనివారం, విరుదునగర్ బస్సులో

మురుగేశన్ కళ్ళు తెరిచాడు. నర్సు ఫోన్ చేసి చెప్పింది. అంటే బెంచీ మీదివాళ్ళకూ తెలుసు. ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్ చేశాను— వార్డుకు కాపలా పెట్టండి.

"ఎందుకు సార్? కొట్టినావిడ జైల్లో ఉందిగా."

చెప్పేశాను. ఎవరన్నారు, ఏమన్నారు, మొత్తం.

అవతల గొంతు తగ్గించి— "శ్రీధర్ సార్ ఇక్కడే, నా ఎదురుగానే ఉన్నారు. తర్వాత మాట్లాడదాం."

సాత్తూరు దాటాం. నర్సు ఫోన్ మోగుతోంది. ఎత్తడం లేదు. మళ్ళీ చేస్తున్నాను...