నీలం డ్రమ్ము

వికారాబాద్,
జూన్ 9, ఆదివారం

ప్రియమైన కరుణకు,

ప్రభువు నామంలో వందనాలు. అక్షరాలు వంకరగా ఉన్నాయని విసుక్కోకు. చేతులు ఇంకా వణుకుతున్నాయి. తాగుడు మానేటప్పుడు మొదటి పది పదిహేను రోజులు ఇలాగే ఉంటుందని ఇక్కడి డాక్టరు అన్నాడు. తొంభై రోజుల దాకా ఫోన్ ఇవ్వరట. ఉత్తరాలు మాత్రం ఎన్నయినా రాసుకోవచ్చు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో నీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి.

నా సంగతి అలా ఉంచు. పెరట్లో చేపలు ఎలా ఉన్నాయి? నేను చేసిపెట్టిన మేత డబ్బా ఈ వారంతో అయిపోతుంది. మళ్లీ ఇలా చెయ్యి. మల్కాజ్‌గిరి చేపల మార్కెట్‌లో తలకాయలు, పేగులు ఊరికే ఇస్తారు. వాటిని ఉడకబెట్టి, ముళ్లతో సహా మిక్సీ పట్టు. అంతే కొలత తవుడు, అందులో సగం పల్లి చెక్క పొడి, కాస్త గోధుమపిండి వేసి ముద్దగా పిసుకు. మురుకుల గొట్టంలో పెట్టి పాత చీర మీద వత్తి, ఎండాక సన్నగా విరిచెయ్యి. పొద్దున ఒక గుప్పెడు, సాయంత్రం ఒక గుప్పెడు. మోటరు ఆపవద్దు. తొట్టి నీళ్లు కంకర మళ్లలోకి ఎక్కి, పాలకూర వేళ్ల మీదుగా దిగి వస్తేనే శుభ్రపడతాయి. చేపల పెంటే ఆ కూరకు ఎరువు.

గోడ పక్కనున్న నీలం డ్రమ్ము జోలికి మాత్రం పోకు. అందులో నేను పెంచే పురుగులు. చూస్తే నీకు రోత. నేను వచ్చాక చూసుకుంటాను. ప్రవళికను కూడా పోనివ్వకు.

నీ,
ఇమ్మానుయేల్


తార్నాక,
జూన్ 16

ప్రవళిక నాయినకు,

నీ ఉత్తరం బుధవారం అందింది.

నిన్న హాస్టల్ వంటింట్లో డ్యూటీ దిగి, క్యాంపస్ నుంచి నేరుగా మల్కాజ్‌గిరి పోయాను. చేపలమ్మే లచ్చవ్వ దగ్గర తలకాయలు, పేగులు అడిగితే, "ఇంట్ల పిల్లి ఉన్నదా బిడ్డా?" అన్నది. చేపలకే అన్నాను. "చేపలకు చేపల పేగులా? థూ! గదేం మేతనే?" అని పక్కామెకు కూడా చెప్పి నవ్వింది. కవర్లోంచి కారిన నీళ్లు ఆటోలో నా చెప్పుల మీద పడ్డాయి. ఆటోవాడు అద్దంలోంచి నన్నే చూస్తూ వచ్చాడు.

ఉడకబెడుతుంటే మూడుసార్లు బయటికి పరుగెత్తాను. తెల్లటి నురుగు పొంగి, అందులో కళ్లు పైకి తేలాయి. పైనుంచి ఇంటి ఓనరు కమలాదేవి గారు, "కరుణా, ఏం వండుతున్నవే? పీనుగు కాలినట్టు వాసనొస్తున్నది!" అని కేకేసింది. మిక్సీ గిన్నె నాలుగుసార్లు కడిగినా ఆ కంపు పోలేదు. ప్రవళిక అందులో పట్టిన చట్నీ ముట్టలేదు. ఆ గొట్టంలో బూడిదరంగు ముద్ద పెట్టి వత్తాను. అది దారాలు దారాలుగా దిగుతుంటే ముఖం పక్కకు తిప్పుకున్నాను. ఇక ఈ జన్మలో ఆ గొట్టంతో మురుకులు చేయను.

నాకు రోత అని రాశావు. నా రోత నీకు ఎప్పుడు తెలిసింది? హబ్సిగూడ దగ్గర మెట్రోలో నీ వాంతి నా కొంగుతో తుడిచిన రోజు తెలియలేదు. ఎదురు సీట్లో పిల్ల వీడియో తీస్తుంటే ప్రవళిక లేచి వేరే పెట్టెలోకి పోయింది. తర్వాత స్టేషన్‌లో దిగి, మన మనిషి కానట్టు ముందు నడిచింది. నువ్వు మాత్రం మెట్ల మీద కూర్చుని, "గిప్పుడేమైందని ముఖం గట్ల పెట్టినవ్?" అన్నావు.

డ్రమ్ము గురించి రాసింది చదివాను.

ఈ మేత నీ కోసం చేయడం లేదు. నా ఇంట్లో ప్రాణమున్నవి పస్తుంటే చూడలేను. అంతే.

కరుణ


వికారాబాద్,
జూన్ 23

ప్రియమైన కరుణకు,

వందనాలు. మెట్రో సంగతి నాకు సగమే గుర్తుంది. మిగతా సగం నువ్వు రాశావు. క్షమించు అని రాసి కొట్టేశాను. ఆ మాట నీకు చాలాసార్లు చెప్పాను.

ఇప్పుడు చేతులు వణకడం తగ్గింది. అన్నం సయిస్తున్నది. ఇక్కడ రోజూ పొద్దున గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. ఎవరి తాగుడు గురించి వాళ్లే చెప్పాలి. నేను అన్నీ చెప్పేశాను. క్యాంపస్‌లో చేపల ల్యాబ్ అటెండరుగా ఇరవై ఏళ్లు చేసిన ఉద్యోగంలో సస్పెండ్ అయింది, డ్యూటీలో తాగి తొట్టిలో పడింది, ఏదీ దాచలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. కౌన్సిలరు నన్ను చూపించి, ఇలా మనసు విప్పాలి అన్నాడు.

డ్రమ్ము మూత మీద బండరాయి పెట్టి ఉందా? లేకుంటే పిల్లులు మూత తోసేస్తాయి. ఉందో లేదో ఒక్క మాట రాయి. హాస్టల్ నుంచి మిగిలిన అన్నం తెస్తే డ్రమ్ములో వేయకు, బయట కుక్కలకు పెట్టెయ్యి. పురుగులు నెల రోజులు తిండి లేకున్నా బతుకుతాయి.

ప్రవళికను అడిగానని చెప్పు.

నీ,
ఇమ్మానుయేల్


తార్నాక,
జూలై 3

ప్రవళిక నాయినకు,

పదకొండు చేపలు చచ్చిపోయాయి.

శుక్రవారం పొద్దున మూడు వెల్లకిలా తేలాయి. ఆదివారానికి మరో ఎనిమిది. బతికున్నవి నీళ్ల పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. తొట్టి మీద జిడ్డు తెట్టె కట్టింది. చేత్తో తీస్తే చీమిడిలా సాగింది. పాలకూర ఆకులు పసుపు పచ్చగా అయ్యాయి. చచ్చినవాటిని బొద్దింకలు కొరికాయి. కాగితంలో చుట్టి నేనే పూడ్చాను.

సోమవారం సీసాలో నీళ్లు, కవర్లో మేత పట్టుకుని నీ ల్యాబ్‌కు పోయాను. అక్కడివాళ్లు నన్ను చూసి గొంతులు తగ్గించారు. సుదర్శన్ ఒక్కడే కుర్చీ వేసి, నీళ్లు పరీక్ష చేశాడు. మేతను గ్లాసులో వేసి నాకు చూపించాడు. "గిది మేత కాదు వదినా, జావ. నీళ్లల్ల పడంగనే కరిగి మురుగుతున్నది. ముద్దను ముందు ఆవిరి మీద ఉడకబెట్టు, అటెన్క వత్తు. రెండు దినాలు గట్టిగ ఎండాలె. ఐదు నిమిషాలల్ల తిన్నంతనే ఎయ్యి" అన్నాడు. తొట్టిలో మూడో వంతు నీళ్లు మార్చమన్నాడు. మార్చాను. నిన్నటి నుంచి చావులు లేవు.

వచ్చేముందు ఇంకో మాట అన్నాడు. "డ్రమ్ముల పురుగులున్నయ్ కదా. రోజు ఒక గుప్పెడు ఎయ్యి. దాన్ని మించిన బలం లేదు. అన్న గదే ఏస్తుండె."

నీ మీద కోపంతో వాటిని చంపుకోలేను. ఈ ఆదివారం చర్చి తర్వాత ప్రార్థన కూటం ఉంది. వచ్చే ఆదివారం, పద్నాలుగో తారీఖున, డ్రమ్ము తెరుస్తాను. ముక్కుకు గుడ్డ కట్టుకుని పురుగులన్నీ టబ్బులోకి గుమ్మరించి, డ్రమ్ము కడిగేస్తాను. నువ్వు చెప్పవలసిన జాగ్రత్తలేమైనా ఉంటే ఆలోగా రాయి.

కరుణ


వికారాబాద్,
జూలై 6

ప్రియమైన కరుణకు,

ఈ ఉత్తరం అందగానే చదువు. ఆ డ్రమ్ము తెరవొద్దు. నేను ఇక్కడికి వచ్చే ముందు అందులో తేలును చూశాను. పెద్దది, నల్లది. నువ్వు భయపడతావని చెప్పలేదు. అడుగున తడి ఉంటుంది, అక్కడే ఉంటుంది. సుదర్శన్‌ను కూడా పిలవకు, పాపం అతనికి కుడితే మాట మనకు వస్తుంది. మరో యాభై ఏడు రోజులే కదా. నేనే వచ్చి తీస్తాను.

మేతలో కోడిగుడ్డు కలుపు, బలం వస్తుంది. పురుగులు అక్కర్లేదు.

నా మాట విను.

ఇమ్మానుయేల్


వికారాబాద్,
జూలై 8

కరుణా,

మొన్నటి ఉత్తరం చించెయ్యి. తేలు లేదు.

నిన్న కొత్తగా ఒకతన్ని తీసుకొచ్చారు. గదంతా కక్కుకున్నాడు. ఎత్తే వంతు నాది. చీపురు, బకెట్ పట్టుకుని నిలబడ్డాను. పుల్లటి కంపు. అందులో అన్నం మెతుకులు. వంగబోతే నాకే డోకు వచ్చి గోడ పట్టుకున్నాను. పక్కనున్నాయన, "ఏందన్నా, నువ్వెప్పుడు కక్కలేదా?" అని నవ్వాడు. కక్కాను. ఎత్తలేదు. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా నాది నేను ఎత్తలేదు. నువ్వు అది చేత్తో తీసి, అదే చేత్తో ఐదింటికి హాస్టల్‌కు పోయి మూడొందల మంది ఆడపిల్లలకు అన్నం వండావు. మధ్యాహ్నం మిగిలిన అన్నం బకెట్‌లో మోసుకొచ్చి నా డ్రమ్ముకు ఇచ్చావు.

ఆ డ్రమ్ములో అడుగున పెంకు ఉంది. పెంకు కింద సీసాలున్నాయి. ఐదు.

చేపల మీద ఇష్టం నిజమే. డ్రమ్ము మాత్రం సీసాల కోసం. బీరువా వెతుకుతావు, బాత్రూం వెతుకుతావు, బియ్యం డబ్బా వెతుకుతావు. పురుగుల్లో చెయ్యి పెట్టవు. నీ రోతనే నేను తాళంగా వాడుకున్నాను. నువ్వు డ్యూటీకి పోగానే మోచేతి దాకా పురుగుల్లో చెయ్యి పెట్టి సీసా తీసేవాణ్ణి. లుంగీకి తుడిచి నోట్లో పెట్టుకునేవాణ్ణి. కొన్నిసార్లు మూతి మీద పురుగు ఉండేది. ఊదేసి తాగేవాణ్ణి. నాకు రోత పుట్టలేదు కరుణా. ఇప్పుడు రాస్తుంటే పుడుతున్నది.

చేపలను బతికించమని రాసింది కూడా, నేను తిరిగొచ్చేదాకా ఆ డ్రమ్ము అక్కడే ఉండాలని. చప్పట్లు కొట్టించుకున్న రోజు కూడా ఆ ఐదూ నా లెక్కలో ఉన్నాయి. ఈ పొద్దున అది కూడా చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఏం చేస్తావో చెయ్యి.

ఇమ్మానుయేల్


తార్నాక,
జూలై 14, ఆదివారం

ఇమ్మానుయేల్‌కు,

తేలు ఉత్తరం బుధవారం వచ్చింది. రెండోది శుక్రవారం.

నా అబద్ధం కూడా విను. ఆ డ్రమ్ము నేను ఇవాళ మొదటిసారి తెరవలేదు. జూన్ పన్నెండున, నీ మొదటి ఉత్తరం అందిన సాయంత్రమే తెరిచాను. 'చూస్తే నీకు రోత' అన్నావు చూడు, అక్కడే అనుమానం వచ్చింది. నాకు రోత పుడుతుందని నువ్వు మానుకున్న పని నాకు ఒక్కటీ గుర్తు రాలేదు.

చల్లగా ఉంటాయనుకున్నాను. వెచ్చగా ఉన్నాయి. వేల పురుగులు ఒకదాని మీద ఒకటి మసులుతుంటే లోపల పొయ్యి మీద గంజిలా ఉంది. చెయ్యి పెడితే వేళ్ల సందుల్లోంచి మోచేతి పైకి పాకాయి. కళ్లు మూసుకుని అడుగుదాకా పోనిచ్చాను. పెంకు తగిలింది. తర్వాత గుడ్డ మూట తగిలింది.

మూట విప్పాను. అది ప్రవళిక ఎల్కేజీ స్వెట్టర్. మెరూన్ రంగుది, మా అమ్మ అల్లింది. రెండేళ్లుగా దాని కోసం బీరువా అంతా గాలించాను. సీసాలు ఒకదానికొకటి తగిలి చప్పుడు కాకుండా స్వెట్టర్ చేతుల్లో రెండు దోపావు.

అన్నీ మళ్లీ అలాగే పెట్టేశాను. ఫినాయిల్‌తో, చింతపండుతో, సబ్బుతో చెయ్యి తోముకున్నాను. వారం రోజులు చెంచాతో తిన్నాను. హాస్టల్లో గంజి వారుస్తుంటే గిన్నెలో మెతుకులు కదులుతున్నట్టే ఉండేది. అయినా నీకు రాయలేదు. అడిగితే ఒప్పుకుంటావు. అడగకుండా చెబుతావా అని చూశాను. డ్రమ్ము తెరుస్తానని తారీఖు వేసి రాసింది అందుకే. మనిషికి వల వేసి కూర్చున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

తేలు ఉత్తరం చదివి సూట్‌కేసు దించాను. గోల్నాకలో మా అక్క ఇంటికి పోదామని ప్రవళికతో చెప్పాను. "శనివారం పరీక్ష ఉన్నదమ్మా. రాసినంక పోదాం" అన్నది. పరీక్ష లేకపోతే నీ రెండో ఉత్తరం తాళం వేసిన ఇంటికి వచ్చేది.

అది నాలుగుసార్లు చదివాను. అంతా రాశావు. స్వెట్టర్ మాట రాయలేదు. సిగ్గుపడి దాచావా, దేంట్లో చుట్టావో కూడా నీకు గుర్తులేదా? ఏదైనా నాకు రోతే.

ఇవాళ చర్చి నుంచి వచ్చాక ప్రవళికకు అంతా చెప్పి, సీసాలు ఆమె ముందే తీశాను. ముక్కు మూసుకుని ఒక్కొక్కటీ మోరీలో తనే ఒంపింది. మేడ మీద నుంచి కమలాదేవి గారు చూసింది. ఈసారి కేకేయకుండా లోపలికి పోయింది. ఖాళీ స్వెట్టర్ నేను చెత్తలో వేయబోతే ప్రవళిక గుంజుకుంది. "గిది పడెయ్యకు. నాయినకు చూపియ్యాలె" అన్నది. మూడు నీళ్లలో ఉతికి దండెం మీద వేసింది. అది చూపించిన రోజు ఆమెకు నువ్వు ఏం జవాబు చెబుతావో ఇప్పటి నుంచే ఆలోచించుకో. నేను మధ్యలో మాట్లాడను.

చేపలు నలభై తొమ్మిది ఉన్నాయి. మేత గట్టిగా చేయడం వచ్చింది. సుదర్శన్ చెప్పిన నాటి నుంచి రోజూ పొద్దున పురుగులు గుప్పెట్లో తీసి వేస్తున్నాను. నీళ్లు కాగి తెర్లినట్టు చేపలు ఎగబడతాయి. నాకు రోత పోలేదు. చెయ్యి మాత్రం వెనక్కు రావడం లేదు.

సెప్టెంబరు ఒకటిన నిన్ను వదులుతారు. నేరుగా ఇంటికి రావద్దు. మల్కాజ్‌గిరిలో మీ అన్న సామేలుతో మాట్లాడాను, ఆయన దగ్గర పడుకో. రోజూ పొద్దున ఆరింటికి ఇక్కడికి రా. పేగులు నువ్వే తే, నువ్వే ఉడకబెట్టు, నువ్వే గిన్నెలు తోము. డ్రమ్ములో చెయ్యి పెట్టేటప్పుడు నేను చూస్తుంటాను. ఇలా ఎన్నాళ్లు అని అడగకు, నాకూ తెలియదు.

వెనక గేటు తాళం తీసి ఉంచుతాను. ఇంటి తలుపు సంగతి తర్వాత.

కరుణ