జ్వరం లేని జబ్బు

కొత్తవాడ, మంగళవారం

నా జ్వరం రెండు రోజుల్లోనే పోయింది. దగ్గు తగ్గకముందే మగ్గం మీద అత్తమ్మ పక్కన కూర్చుని జంపఖానా నేశాను. శనివారం ఆమె లేవలేకపోయింది. "పానం బాగలేదు బిడ్డా" అంటే థర్మామీటర్ పెట్టి చూశాను. జ్వరం లేదు. "ఏషాలెయ్యకు అత్తమ్మా, లే" అని మళ్లీ మగ్గం దగ్గర కూర్చోబెట్టాను.

ఈ రోజు దవాఖానలో డాక్టరమ్మ గట్టిగానే అడిగింది. "నీకొచ్చిన వైరస్సే ఆమెకూ వచ్చింది. ముసలోళ్ల ఒంట్ల దానితోని కొట్లాడే బలం తగ్గుతది, ఒక్కోసారి జ్వరం కూడా రాదు. మూడు రోజులు ఇంట్ల పెట్టుకొని ఏం చేసిన్రు?"

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ ఆయాసపడుతూ అంది. "నేనే చెప్పలే మేడం. చెప్తే నా కోడలు ఊకుంటదా? ఆ రోజే తీసుకొచ్చేది."

నేను అవునన్నట్టు తల ఊపాను.