బైండింగ్ ఇంకా అందలేదు

మంగళగిరి

కస్టమర్ సర్వీసు వారికి నమస్కారం.

మా ఆవిడ హనుమాయమ్మ ఫిబ్రవరిలో ఒక శుక్రవారం పోయింది. ఆ ఉదయం మా చీరల దుకాణం తనే తెరిచింది. మధ్యాహ్నం వంకాయరంగు చీర ఒకటి అమ్మి, ఎప్పటిలాగే ఫోనులో ఎక్కించింది. భోజనమయ్యాక ఎడమ చెయ్యి లాగుతోందంది. ఆసుపత్రి గేటు దాకా మాట్లాడుతూనే ఉంది.

ఆనాటినుంచి దుకాణం మూసే ఉంది. నెలాఖరుకు గది ఖాళీ చేస్తాను. తను అమ్మిన చీరల లెక్కంతా క్లౌడ్‌లో ఉంది. ఆమె ఫోనులోంచి మీకు అనుమతి పంపాను. మీ ‘బొమ్మలెక్క’ నా కంప్యూటర్‌లో వేయించాను. ఆ లెక్క అందులో గీతగా కనిపించాలి. గీత ఆ శుక్రవారంతో ముగుస్తుంది. దానికి బైండింగ్ చేసి ఇవ్వగలరు. దాచుకుంటాను.

ఇట్లు,
కోటిలింగం, బి.కాం.

తా.క.: రంగు ముదురు ఎరుపు అయితే బాగుంటుంది.

*

విజయవాడ

కోటిలింగం గారికి నమస్కారమండీ.

అమ్మగారి సంగతి చదివి బాధ కలిగింది. మీరు కోరినట్టే బైండింగ్ పూర్తయింది. రంగు ముదురు ఎరుపే. బొమ్మలెక్క తెరిస్తే చాలు.

మీ సేవలో,
క్రిస్టినా

తా.క.: ఏ రంగు చీరలు ఎన్ని పోయాయో తెలిసేలా పై చార్టు కూడా జోడించానండీ. దానికి చార్జీ లేదు.

*

మంగళగిరి

క్రిస్టినా గారికి,

బైండింగ్ అందలేదు. పోస్టాఫీసులో రెండుసార్లు అడిగాను.

పై చార్టు చూశాను, బాగుంది. కింద చార్టు అందలేదు.

అసలు విషయం. గీత శుక్రవారం దగ్గర ఆగడం లేదు. నేను షట్టరు ఎత్తలేదు. మీ గీత మాత్రం తొమ్మిది చీరలు అమ్మింది. దయచేసి సరిచేయండి.

ఇట్లు,
కోటిలింగం

తా.క.: మీ లెక్కన నిన్న నేను రెండు చీరలు అమ్మాను. నిన్న నేను చేసిన పని గడ్డం గీసుకోవడం ఒక్కటే.

*

విజయవాడ

కోటిలింగం గారికి,

క్షమించాలండీ. మీరడిగింది అట్టవేసే బైండింగ్ అని ఇప్పుడర్థమైంది. నేను చేసింది డేటా బైండింగ్. అంటే క్లౌడ్‌లో లెక్క మారగానే మీ కంప్యూటర్‌లో గీత కూడా మారుతుంది. పోతే, పై చార్టంటే బొబ్బట్టును ముక్కలు కోసినట్టు ఉండే గుండ్రటి బొమ్మ. కింద చార్టు అనేది లేదండీ.

గీత విషయంలో ఒకసారి రిఫ్రెష్ చేసి చూడండి.

మీ సేవలో,
క్రిస్టినా

తా.క.: కింద చార్టు కూడా తయారుచేయాలని మా ఆఫీసులో తీర్మానించారు. ఏం పెట్టాలో మీరే చెప్పాలట.

*

మంగళగిరి

క్రిస్టినా గారికి,

రిఫ్రెష్ చేశాను. తొమ్మిది పదకొండైంది. మళ్ళీ చేశాను. పన్నెండు.

నాకు కావలసింది తను అమ్మిన లెక్క. తను పోయాక ఎవరో అమ్ముతున్నది కాదు. గీత ఎక్కడ ఆగాలో అక్కడ ఆపండి.

ఇట్లు,
కోటిలింగం

తా.క.: ఇక నొక్కను. ఇంకా నొక్కితే నేతగాళ్ళు చాలరు.

*

విజయవాడ

కోటిలింగం గారికి,

కనిపెట్టానండీ. మా చార్టులో తప్పు లేదు. ఆ ఫైలులో రాయడానికి అమ్మగారు ఇంకొకరికి అనుమతి ఇచ్చారు. పేరు రావమ్మ, హనుమాన్ జంక్షన్. కొత్త చీరలన్నీ ఆవిడే ఎక్కిస్తున్నారు.

ఆవిడ అనుమతి తీసేసి, ఆవిడ ఎక్కించిన వరసలు చెరిపేస్తే గీత శుక్రవారంతో ఆగుతుంది. తీసేయమంటారా?

మీ సేవలో,
క్రిస్టినా

తా.క.: మీరు ఊఁ అనేదాకా ముట్టుకోను. పన్నెండోది వంకాయరంగేనండీ.

*

మంగళగిరి

అమ్మాయి క్రిస్టినాకు,

తీయవద్దు. నేత సాగుతుండగా మేము పడుగు కోయము.

రావమ్మ మా ఆవిడ చెల్లెలు. ఫోన్ చేశాను. నేను మాట్లాడకముందే అందుకుంది.

“ఏం బావా, ఇప్పటికి గుర్తొచ్చానా? అక్క పంపిన మూటలు నా దగ్గరే ఉండిపోయినై. ఊరికే పెట్టుకుంటే పురుగు పడుతుందని అమ్ముతున్నా. అమ్మిన పూటే ఎక్కించకపోతే అక్క ఊరుకునేదా? నువ్వు అక్క ఫోనులో చూస్తానే ఉన్నావనుకున్నా. బాగుందనవు, బాలేదనవు. మా బావకి ఎంత పొగరో అనుకున్నా!”

డబ్బు దుకాణం ఖాతాలోనే వేస్తోందట. ఆ ఖాతా నేను తెరిచి చూస్తే కదా.

“మరి చెప్పవేం? ఇక్కడ కంప్యూటర్‌లో గీత పెరుగుతుంటే ఎవరు అమ్ముతున్నారా అనుకుంటున్నాను,” అన్నాను.

“రోజూ చెబుతానే ఉన్నా కదయ్యా, గీత గీసి మరీ! సర్లే, పెళ్ళివారు ఆరు చీరలు అడిగారు. నా దగ్గర రెండే ఉన్నై. మూట తెస్తావా, నన్నే వచ్చి షట్టరు పగలగొట్టమంటావా?”

నవ్వాను. ఫిబ్రవరి తర్వాత ఇదే మొదలు.

గది ఖాళీ చేయడం లేదు. మీ బైండింగ్ అలాగే ఉంచండి.

శుభాకాంక్షలతో,
కోటిలింగం

తా.క.: షట్టరు తుప్పు పట్టి ఉంటుంది. రేపు పొద్దున్నే నూనె వేసి ఎత్తుతాను. నాలుగు చీరలు ఏరి, ఇంకో పది కలిపి మూట కట్టి, హనుమాన్ జంక్షన్ బస్సెక్కుతాను.