మొదట చూసినవారి పేరు

ఫిబ్రవరి 3, సోమవారం
సమాచారం పంచుకునే కొత్త గదిలో మొదటి రోజు! పోలీసు, పోర్టు, ఫారెస్ట్, కస్టమ్స్, తీర గస్తీ... అందరికీ ఒకటే పొడవాటి బల్ల. నిన్నటిదాకా సముద్రంలో అనుమానంగా ఏం కనిపించినా కాగితం ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి చేరేసరికి వారం. ఇక తల తిప్పి అడిగితే చాలు. పోలీసు కుర్చీ నాది. "ఉగ్రవాదుల సమాచారమా, సత్యా?" అమ్మ రెండుసార్లు చెప్పించుకుంది.

ఫిబ్రవరి 4
ఐదు ఫోన్లు. అన్నీ ఒకేసారి మోగుతాయి. భలేగా ఉంది.

ఫిబ్రవరి 6
పొద్దున్నే అప్పలరాజు మావ ఫోన్. షాదీపూర్ నుంచి చేపల వేటకెళ్ళే మా మావే. గొంతు తగ్గించి— "అమ్మీ, నంబర్ లేని బోటొకటి మూడ్రోజుల్నించి జనం లేని ఆ సిన్న దీవి కాడే తిరగతంది. మనోళ్ళది కాదు, పక్కా. నా పేరు మాత్రం ఎవులికీ సెప్పకు." సరే అన్నాను.
రాసుకున్నది బల్ల దగ్గర గట్టిగా చదివాను, పేరు లేకుండా. ఫారెస్ట్ కుర్చీలోని దాస్ భయ్యా టీ గ్లాసు దించేశాడు. "అరే దీదీ! పోయిన వారం అదే దీవిలో ఆకుల కింద డీజిల్ డ్రమ్ములు దొరికాయి మాకు. అడవిలో దొంగ వేటగాళ్ళవేమో అని ఫైల్లో పెట్టేశాం!"
రెండూ ఒకే మ్యాప్ మీద గుర్తుపెట్టాం. వెంటనే తీర గస్తీ కుర్చీ వైపు తిప్పి చూపించాను.

ఫిబ్రవరి 7
గస్తీ షిప్పు బయల్దేరింది. అన్నం సహించలేదు.

ఫిబ్రవరి 8
పట్టుకున్నారు! నలుగురు. తుపాకులు, శాటిలైట్ ఫోన్లు. అందరం ఒక్కసారి లేచి నిలబడ్డాం. దాస్ భయ్యా నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఒక ఫోన్ కాల్, ఒక పాత ఫైలు... మేం పక్కపక్కన కూర్చోకపోతే ఎప్పటికీ కలిసేవి కావు.
సాయంత్రం ఊరికే చాతం జెట్టీ దాకా నడిచాను. ఫెర్రీ దిగుతున్న జనం, కూరగాయల సంచులు. వీళ్ళెవరికీ ఏమీ తెలియదు. అరవాలనిపించింది.

ఫిబ్రవరి 11
మెయిన్‌ల్యాండ్‌లోని పై ఆఫీసు నుంచి ఫారం. నింపి ఐదు ఆఫీసులకీ తలో కాపీ ఇవ్వాలి. 'మొదట చూసినవారి పేరు, చిరునామా.' ఖాళీగా వదిలాను.
ఇన్‌స్పెక్టర్ సార్ వెనక్కి పంపారు. "ఖాళీ మత్ ఛోడో, పేరు రాసెయ్, సత్యా. పంచుకోవడానికే కదా ఈ గది!" నిజమే. మొన్నటిదాకా ఆ మాట అందరికంటే గట్టిగా అన్నది నేనే.

ఫిబ్రవరి 12
మావ దగ్గరికి వెళ్ళాను. వల బాగుచేసుకుంటున్నాడు. విషయం చెప్పాను. కోప్పడలేదు.
"రాయాలంటే రాసీ. గానీ, ఆ నలుగురి ఎనకాల ఎవులున్నారో మీకింకా తెల్దు గదా? నా పేరు అయిదు ఆఫీసులు తిరిగిందనుకో... రేపు ఇంకో బోటు కనిపిత్తే, ఏ బోటోడు నీకు ఫోన్ సేత్తాడమ్మీ?"
పేరు లేకుండా పంపొచ్చా అని అడగడానికి సార్‌కి రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. రేపు పదింటికల్లా ఫారం బల్ల మీద ఉండాలి. పేరు గడి ఇంకా ఖాళీగానే ఉంది.