ఈ శుక్రవారం తొట్టి కడగకండి

అత్తమ్మా,

రైతుబజారు నుంచి మీరు వచ్చేసరికి నేను ఉండను. బాబుకు టీకా వేయించడానికి దవాఖానకు పోతున్నాను. మీ కొడుకు దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్త చేపలు తెచ్చిచ్చి మళ్లీ షాపుకు పోయారు. కవరు మూతి విప్పకుండానే తొట్టిలో వేశాను, అట్లనే తేలనివ్వండి. మీరు చాయ్ తాగాక కవరు విప్పి, తొట్టి నీళ్లు గ్లాసుతో కొంచెం కొంచెం అందులో పోయండి. ఆ తర్వాతే చేపలను వదలండి.

ఇల్లంతా కడగండి కానీ తొట్టి జోలికి మాత్రం పోకండి. పాచినీళ్లుంటే లక్ష్మి నిలవదని పోయినసారి తళతళా తోమి నల్లా నీళ్లు నింపారు. ఆ బ్లీచింగ్‌కు చేపలన్నీ చచ్చిపోయాయి. మీ మనవరాలు శ్రీనిత ఏడ్చి ఏడ్చి అన్నం కూడా ముట్టలేదు. ఇయ్యాల అది బడి నుంచి వచ్చేసరికి చేపలు ఈదుతూ కనిపించాలి.

పోచంపల్లిలో మా ఇంటి నీళ్ల గోలెంలో కూడా చేపలుండేవి. గోలెం కడిగినా మా నాయిన సగం పాత నీళ్లు మళ్లీ అందులోనే పోసేవాడు. నన్ను బడి మాన్పించాక, మగ్గం పనికి ఆసు మీద నూలు పోసుకుంటూ వాటినే చూస్తూ కూర్చునేదాన్ని. శ్రీనిత తొట్టికి ముక్కు ఆనించి చూస్తుంటే ఆ గోలెమే యాదికొస్తుంది.

ఆటో వచ్చింది.

సుచిత్ర

ఇంకో మాట. నేను ఈ ఇంటికి కొత్తగా వచ్చిన రోజు అందరూ తలా ఒక పని చెప్తుంటే, "పిల్లను జర కుదురుకోనియ్యుండ్రి" అని మీరే అందరినీ గదమాయించారు. చేపలను కూడా అట్లనే చూడండి.