మెట్టు మీద ఎర్ర గీత

ప్రియమైన అక్కా,

ఫోన్లో చెప్పే ధైర్యం లేక టైపు చేస్తున్నా. తప్పులుంటే సర్దుకుని చదువు. నిన్న మన లైట్ల షాపులో ఒకావిడ పడిపోయింది. నాన్న రెండు గదులు కలిపినప్పుడు మధ్యలో మెట్టు మిగిలింది కదా, అక్కడే. హాల్లోకి లైటు కావాలంది. "పైన ఆ గాజుపూల లైటు చూడండమ్మా, వెలిగిస్తాను" అని స్విచ్చు వేశా. "అబ్బ, ఎంత బాగుందో" అంటూ రెండడుగులు వేసిందో లేదో కింద పడింది. తుంటి ఎముక విరిగింది. మళ్ళీ నడుస్తుందో లేదో చెప్పలేమన్నారట డాక్టర్లు. మెట్టు మీద అరచేతి వెడల్పున ఎర్ర గీత ఉంది, అయినా పడింది. షాపు మనిద్దరి పేరు మీదే కదా, కేసు వేస్తే ఏమవుతుందో. బావగారిని అడిగి చెప్పు.

నీ తమ్ముడు

ఒరేయ్ తమ్ముడూ,

ముందు మంచినీళ్ళు తాగు. మీ బావ లాయరుని అడిగారు. కళ్ళెదురుగా కనిపించే మెట్టు, పైగా ఎర్ర గీత. చూసుకుని నడవాల్సింది ఆవిడేనట. ఆస్పత్రికి వెళ్ళకు, వెళ్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. మెట్టు జోలికీ పోకు. నీ మెతకతనం నాకు తెలుసు, నోరు కుట్టేసుకో. షాపు పోతే పిల్లల సంగతేంటో ఆలోచించు.

నీ మంచి కోరే అక్క

అక్కా,

నువ్వు చెప్పినట్టే ఉన్నా. ఆవిడ కొడుకు వచ్చాడు. కొడతాడేమో అనుకున్నా. వంగి మెట్టు ఫొటోలు తీసుకుని, "గీత బాగానే కనిపిస్తోందండీ, మా అమ్మ ఎలా చూడలేదో" అని వెళ్ళిపోయాడు. నెగ్గినట్టే కదా, మరి నాకెందుకింత భయం? తలుపు చప్పుడైతే చాలు, లేచి మెట్టు వైపు చూస్తున్నా. ఇవాళ ఒక నిండు చూలాలు తలెత్తుకుని నడిచొస్తుంటే పరిగెత్తి చెయ్యి పట్టుకున్నా. వాళ్ళాయన పక్కనే ఉండి మెట్టు చూశాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే చెంప పగిలేది. "లైట్లన్నీ నేల మీద పరిచి అమ్ముకో" అంటోంది నీ మరదలు. నవ్వు రాలేదక్కా.

తమ్ముడు

తమ్ముడూ,

వంటగదిలో లైటు మాడిపోతే ఇక్కడో షాపుకి వెళ్ళాను. మనలాగే అన్నీ పైన వేలాడదీశారు. చూసుకుంటూ నడుస్తున్నా. "మెట్టమ్మా" అని కేకేసింది షాపావిడ, పొట్లం కడుతూనే. అప్పటికే నా కాలు గాల్లో ఉంది.

"గీత గీయించలేదా?" అన్నాను.

"గీతెవరు చూస్తారండీ, మనం చూడమనేది పైకైతేను" అంది.

ఆవిడనీ పైకి చూడమన్నది మనమేరా. కిందకెందుకు చూడలేదని ఏ మొహంతో అడుగుతాం?

మెట్టు తీయించి ఏటవాలుగా కట్టించు. రేపు పొద్దున బస్సుకి వస్తున్నా, ఆస్పత్రికి ఇద్దరం వెళ్దాం. కేసు వేస్తే వేయనీ, షాపు నాది కూడా. నేనొచ్చేదాకా ఆ మెట్టు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చో. నోరు కుట్టేసుకోమన్నాను కదా, ఆ కుట్లు విప్పెయ్. ఎవరొచ్చినా ముందు మెట్టుందని చెప్పు, తర్వాతే లైటు చూపించు.

భయంతో,
అక్క